ఊరూ పేరూ లేని హీరో

పరీక్షలు అయిపోయి సెలవులిచ్చారంటే చాలు, పిల్లల కళ్ళు బొమ్మల కొట్ల మీదే ఉంటాయి. హిందూపురం బజారులో ఫ్యాన్సీ స్టోర్ కానివ్వండి, పెనుకొండ బాబయ్య ఉరుసులో వెలిసిన అంగడి కానివ్వండి, లేపాక్షిలో శివరాత్రికి నిలబెట్టిన తోపుడు బండి కానివ్వండి... ముందు వరసలో వేలాడేది ఏమిటి? ఒకప్పుడైతే గిలకలు, బూరలు, తలాడించే బొమ్మలు. ఇప్పుడు హీరోలు! సాలెగూడు చొక్కా వేసుకున్నవాడు, గబ్బిలం రెక్కలవాడు, లడ్డూ తిని బలం తెచ్చుకునే మన చోటా భీమ్. సినిమాల్లోంచి, టీవీల్లోంచి వచ్చినవాళ్ళు చాలరన్నట్టు వీడియో గేముల వీరులు కూడా బొమ్మలై అమ్ముడుపోతున్నారు.

అట్లాంటి వీరుడొకడి పేరు ఎడ్వర్డ్ కెన్‌వే. మనకి ఆ పేరు తెలియకపోవచ్చు. ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లాడుంటే అడిగి చూడండి, గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ 2013లో విడుదల చేసిన 'అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్' ఆటలో ఇతనే కథానాయకుడు. వేల్స్‌లో పుట్టి, డబ్బు సంపాదించి తీరాలని ఇల్లాలిని వదిలి ఓడెక్కి, కరీబియన్ సముద్రంలో ఓడల్ని దోచే దొంగగా మారతాడు. కథాకాలం సుమారు 1715. తల మీద ముసుగు, నడుముకి కత్తులు, ఛాతీకి వరసగా పిస్తోళ్ళు. చూడ్డానికి దర్జాగానే ఉంటాడు. ఆ ఆటను యూరప్‌లో 18 ఏళ్ళు నిండినవాళ్ళకేనని గుర్తు వేసి అమ్మారు. కానీ ఆ ఆట ఆడుతూ తీసిన వీడియోలు ఫోనులో దొరుకుతుంటే వయసు అడిగేదెవరు?

ఇట్లాంటి వీరుల బొమ్మల్ని అసలు కంపెనీ దగ్గర అనుమతి తీసుకున్న బొమ్మల తయారీదారులు చేస్తారు. చేతులు, కాళ్ళు, మెడ కీళ్ళ దగ్గర తిరుగుతాయి. మన దేశానికి వచ్చేసరికి దిగుమతి సుంకం కూడా కలిసి ధర వేలల్లో పలుకుతుంది. అదే ముఖం, అదే ముసుగు, అదే కత్తితో ఇంకో బొమ్మ రెండు మూడు వందలకే దొరుకుతుంది. అది నకిలీ. పైరసీ అన్నమాట.

పైరసీ అనే మాట మనకి సినిమా క్యాసెట్ల రోజుల నుంచీ తెలిసిందే. ఆ ఇంగ్లీషు మాటకి మొదటి అర్థం సముద్రంలో ఓడల్ని దోచుకోవడం. అంటే ఇక్కడ ఓడదొంగ బొమ్మనే ఎవరో దొంగిలించారు! వినడానికి తమాషాగానే ఉంది. ఆ బొమ్మ మన ఇంట్లో చేరి, పాకే పాపాయి నోట్లోకి వెళ్ళినప్పుడు మాత్రం తమాషా కాదు.

నకిలీ బొమ్మ ఎట్లా తయారవుతుందో ఒకసారి చూద్దాం. అసలు బొమ్మ ఒకటి కొంటారు. దాని మీద అచ్చు తీస్తారు. ఆ అచ్చులో చవక ప్లాస్టిక్ పోసి వందలూ వేలూ దించుతారు. అచ్చు మీద అచ్చు కాబట్టి బొమ్మ కాస్త చిన్నదవుతుంది, ముక్కూ కళ్ళూ మొద్దుబారతాయి, కనుబొమ మీది రంగు కంట్లోకి దిగుతుంది. కీళ్ళు రెండు రోజులకే వదులై చెయ్యి ఊడి వస్తుంది. డబ్బా మీద పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయి ఉంటుంది. ఇవన్నీ కంటికి కనిపించే తేడాలు. ఇవి మాత్రమే అయితే "పోనీలే, రెండు వందల బొమ్మ, రెండు రోజులు ఆడుకున్నాడు" అని సరిపెట్టుకోవచ్చు.

కంటికి కనిపించని తేడాల దగ్గరే వస్తుంది చిక్కు. ప్లాస్టిక్‌ని మెత్తగా చేయడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. వాటిలో కొన్ని పిల్లల శరీరంలో హార్మోన్ల పనికి అడ్డం వస్తాయని చాలా దేశాలు బొమ్మల్లో వాటికి హద్దు పెట్టాయి. రంగు నిగనిగలాడటానికి, త్వరగా ఆరడానికి సీసం ఉన్న రంగులు వాడేవాళ్ళున్నారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఒంట్లో ఇంత వరకు సీసం ఉన్నా ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పెద్దవాళ్ళకన్నా పిల్లల ఒళ్ళు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఈ నష్టం జ్వరం లాగా రెండో రోజు బయటపడేది కాదు. నాలుగేళ్ళ తర్వాత బళ్ళో పిల్లాడు పాఠం మీద మనసు పెట్టలేకపోతే, దానికి కారణం ఎప్పుడో చప్పరించిన బొమ్మ అని ఏ తల్లికి తడుతుంది?

ఇక కీళ్ళ సంగతి. మూడేళ్ళ లోపు పిల్లలకి ఏది దొరికినా నోట్లో పెట్టుకోవడమే పని. ఊడిపడిన చేయి, కత్తి, పిస్తోలు సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేంత చిన్నవైతే అవి గొంతులో అడ్డం పడగలవు. కొన్ని బొమ్మల్లో ఆయుధం చేతికి అతుక్కోవడానికి చిన్న అయస్కాంతాలు పెడతారు. రెండు అయస్కాంతాలు మింగితే అవి కడుపులో పేగుల గోడల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకి రంధ్రం పడుతుంది. కళ్ళు వెలిగే బొమ్మల్లో బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. మంచి బొమ్మలో ఆ బ్యాటరీ గదికి స్క్రూ ఉంటుంది. అర్ధరూపాయి మిగుల్చుకోవాలనుకున్నవాడు ముందు తీసేసేది ఆ స్క్రూనే.

ఇదంతా భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఢిల్లీ, దాని చుట్టుపక్కల మార్కెట్లలో 121 రకాల బొమ్మలు కొని పరీక్ష చేయించింది. నూటికి దాదాపు 67 తప్పాయి. అంటే మూడు బొమ్మలు కొంటే రెండు పనికిరానివే! అంతకుముందు 2010లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 24 బొమ్మల్ని పరీక్షిస్తే అన్నింట్లోనూ థాలేట్లు కనిపించాయి.

ఆ తర్వాత ప్రభుత్వం కదిలింది. 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి, 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే ఏ బొమ్మకైనా ఐఎస్ఐ గుర్తు ఉండి తీరాలన్న ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. గుర్తు లేనిది తయారు చేసినా, తెప్పించినా, అమ్మినా నేరమే. విదేశాల నుంచి వచ్చే బొమ్మల విలువ 2018-19లో 37 కోట్ల డాలర్లు ఉంటే 2021-22 నాటికి 11 కోట్ల డాలర్లకి పడిపోయింది.

అయినా నకిలీ ఆగిందా? 2023 జనవరిలో అధికారులు చెప్పిన లెక్క ప్రకారం, ఒక్క నెలలో దేశవ్యాప్తంగా జరిపిన దాడుల్లో ఐఎస్ఐ గుర్తు లేని 18,600 బొమ్మలు పట్టుబడ్డాయి. ఎక్కడ? సంతలో కాదు, గుడిమెట్ల దగ్గరా కాదు. ఏసీ మాల్స్‌లో, విమానాశ్రయాల్లో ఉన్న పేరుమోసిన దుకాణాల్లో! ఆన్‌లైన్‌లో అమ్మే పెద్ద కంపెనీలకీ అప్పట్లోనే నోటీసులు వెళ్ళాయి. కాబట్టి "తోపుడు బండివాడే మోసగాడు" అనుకోవడం అన్యాయం. వాడు బెంగుళూరులో మూట కట్టించుకుని హిందూపురం రైలెక్కించిన మామూలు మనిషి. మూటలో ఏముందో వాడికీ తెలియదు.

ఇంకో చిన్న మడత పేచీ ఉంది. ఉత్తర్వు 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకే. కెన్‌వే లాంటి వీరుల అసలు బొమ్మలు చాలావరకు, అల్మరాలో దాచుకుని మురిసే పెద్దవాళ్ళ కోసం చేసినవి. డబ్బా మీద ఆ వయసు రాసి ఉంటుంది. నకిలీ చేసినవాడికి వయసుతో పనేముంది? ఆ గీత చెరిపేస్తాడు, లేదా ప్లాస్టిక్ కవర్లో వేసి వదిలేస్తాడు. పెద్దవాళ్ళ బీరువాలో ఉండాల్సినది ఏడేళ్ళ పిల్లాడి దిండు కిందకి చేరుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావడం సహజం. "పెద్ద కంపెనీ బొమ్మకి వేలు పోయలేం. పిల్లాడు ఏడుస్తాడు. ఏం చెయ్యమంటారు?" న్యాయమైన ప్రశ్నే. నెల జీతంలో పాలు, బియ్యం, స్కూలు ఫీజు, ఆటో డబ్బులు పోగా మిగిలిన దాంట్లో బొమ్మ కొనే తల్లిని "చవకబారుది కొన్నావు" అని వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. అసలు ఈ తప్పంతా తల్లి నెత్తిన వేసే అలవాటే మంచిది కాదు. పిల్లాడికి కొనకపోతే పిసినారి, కొంటే చూసుకోలేదు, ఏదైనా జరిగితే కళ్ళు ఎక్కడ పెట్టుకుందో! నాన్న కొన్నా, మామయ్య కొన్నా నింద మాత్రం అమ్మదే.

పైగా మోసపోవడం మన తరానికి కొత్తా? ఈనాటి అమ్మలు చాలామంది 1990లలో టీవీ గేమ్ ఆడిన పిల్లలే. ఆ క్యాసెట్ మీద '9999 ఆటలు' అని రాసి ఉండేది. పెట్టి చూస్తే ఉన్నవి నాలుగైదు ఆటలు, అవే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. అది నకలే. కానీ దాంతో పోయింది డబ్బు ఒక్కటే. ఇప్పటి నకలు పిల్లల నోటికి, చేతికి, ఊపిరికి తగులుతుంది. తేడా అక్కడే.

"పోతే పోనీ, ఎక్కడో విదేశీ కంపెనీకి నాలుగు డబ్బులు తక్కువ వస్తాయి, మనకేం?" అనేవాళ్ళూ ఉంటారు. ఈ మాట వేరే ఎవరన్నా అనొచ్చేమో కానీ మన ప్రాంతం వాళ్ళు అనకూడదు. ఎందుకంటే నకలు ఎంత నష్టమో ధర్మవరం కన్నా బాగా చెప్పగల ఊరు లేదు.

ధర్మవరం పట్టుచీర సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెడల్పాటి అంచు, నిండైన కొంగు, రెండు రంగులు కలిసి మెరిసే ఒళ్ళు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒకరు నేస్తుంటే, ఇంట్లో ఆడవాళ్ళు ఆసులు పోసి, కండెలు చుట్టి, రోజుల తరబడి ఇంటిల్లిపాదీ కష్టపడితే ఒక చీర దిగుతుంది. ఆ చీరకి, పావడాకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చీరతో సహా కొన్ని రకాలు చేమగ్గం మీదే నేయాలని 1985లోనే కేంద్రం చట్టం చేసింది. అయినా ఏమైంది? అదే బుటా, అదే అంచు మరమగ్గం మీద పాలిస్టర్ నూలుతో గంటల్లో నేసి, 'ధర్మవరం పట్టు' అని చీటీ కట్టి అమ్మేస్తున్నారు. కొన్నవాళ్ళు రెండు ఉతుకులకి జరీ నల్లబడితే ఏమంటారు? "ధర్మవరం చీరలు ఇంతే" అంటారు. తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటాడు, పేరు పోయేది మనకి.

పెళ్ళికి చీర కొనేటప్పుడు మన పెద్దవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండేవారు! పోగు లాగి నిప్పు అంటించి చూసేవారు. కాలిన వెంట్రుక వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడైతే పట్టు. కరిగి ముద్దకడితే నైలానో పాలిస్టరో. జరీ గీకి లోపల ఎర్ర పట్టుపోగు ఉందా లేదా అని చూసేవారు. ఈ కాలంలో సిల్క్‌మార్క్ చీటీ చూస్తున్నాం. బంగారమైతే హాల్‌మార్క్ లేనిదే ముట్టుకోవడం లేదు.

బొమ్మకి ఇట్లాంటి పోగు పరీక్ష లేదు. సీసం ఉందో లేదో ఇంట్లో తేల్చుకునే ఉపాయం లేదు. ఘాటైన వాసన వస్తే, రంగు వేలికి అంటుకుంటే కొనకూడదని తెలుస్తుంది. కానీ వాసన లేనంత మాత్రాన మంచిదని కాదు. మరి దేన్ని నమ్మాలి? ఒక్కటే... చేసినవాడు తన ఊరూ పేరూ ధైర్యంగా రాసుకున్నాడా లేదా అన్నది.

పేరున్న కంపెనీలు తప్పు చేయవా అంటే, చేస్తాయి. 2007లో ప్రపంచంలోనే పెద్ద బొమ్మల కంపెనీ అయిన మాటెల్ బొమ్మల్లోనే సీసం రంగు, ఊడిపోయే అయస్కాంతాలు బయటపడ్డాయి. అప్పుడేమైంది? ఫలానా నంబరు బొమ్మలు వెనక్కి ఇచ్చేయండని కంపెనీ ప్రకటించింది, లక్షల కొద్దీ బొమ్మల్ని వెనక్కి పిలిచింది. అమెరికాలో మరుసటి ఏడే పిల్లల వస్తువుల మీద కొత్త చట్టం వచ్చింది. ఎందుకు సాధ్యమైంది? డబ్బా మీద పేరుంది కాబట్టి, అడగడానికి ఒక గుమ్మం ఉంది కాబట్టి. రేపు నకిలీ కెన్‌వే వల్ల ఒక పిల్లాడికి హాని జరిగితే ఎవరి గుమ్మం ఎక్కుతాం? ఉరుసు అయిపోయాక అంగడి ఉండదు. ఆన్‌లైన్‌లో అమ్మినవాడి పేరు నెల తిరిగేసరికి మారిపోతుంది. అసలు బొమ్మకీ నకిలీకీ ఉన్న ముఖ్యమైన తేడా రంగూ రూపూ కాదు, జవాబుదారీ.

నకలు దెబ్బ తగిలేది విదేశాలకే అనుకోవద్దు. చోటా భీమ్ పుట్టింది ముంబయిలో కాదు, హైదరాబాద్‌లో. అక్కడి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన ఆ పిల్లాడు 2008లో టీవీకెక్కాడు. ఇట్లాంటి సంస్థలకి టీవీ నుంచి వచ్చేది ఒక రాబడైతే, బొమ్మలు, బ్యాగులు, టిఫిన్ డబ్బాల మీద వచ్చేది ఇంకో రాబడి. గీతలు గీసే మన పిల్లల జీతాలు అందులోంచే రావాలి. బొమ్మలు గీయడం నేర్చుకుని హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేద్దామని కలలు కంటున్న ఆడపిల్ల మన ఇంట్లోనే ఉండొచ్చు. రేపు ఆ పిల్ల గీసిన వీరుడికి కూడా అచ్చు తీసేవాడు ఉంటాడు.

మరి మనం ఏం చేయగలం? పెద్ద పనులేమీ కావు.

కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడండి. ఐఎస్ఐ గుర్తు పైన 'ఐఎస్ 9873' అనో, బ్యాటరీతో నడిచేదైతే 'ఐఎస్ 15644' అనో ఉండాలి. గుర్తు కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. గుర్తు కూడా నకిలీది వేసేవాళ్ళున్నారు కనుక ఆ నంబరు నిజమైనదో కాదో 'బీఐఎస్ కేర్' అనే యాప్‌లో కొట్టి చూడొచ్చు. నగల మీది హాల్‌మార్క్ నంబరు చూసేదీ ఆ యాప్‌లోనే. తయారుచేసినవారి చిరునామా, ఎంత వయసు పిల్లలకో, ధర ఎంతో రాసి ఉండాలి. ఇవేవీ లేక వట్టి ప్లాస్టిక్ కవర్లో ఉన్నది ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి.

బిల్లు అడగండి. ఇరవై రూపాయల బొమ్మకి బిల్లేమిటని కొట్టువాడు నవ్వితే నవ్వనివ్వండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే అమ్మేవాడి పేరు, చిరునామా ఫోనులో ఫోటో తీసి ఉంచండి. వేల రూపాయల బొమ్మ వందల్లో వస్తోందంటే అది అదృష్టం కాదు, నకలు. మోసం జరిగిందనిపిస్తే 1915కి ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న బొమ్మల బుట్టని ఒకసారి కింద పోసి చూడండి. రంగు పెచ్చులు లేస్తున్నవి, కీళ్ళు ఊడినవి, బ్యాటరీ మూత వదులైనవి పక్కన పడేయండి. అన్న బొమ్మలు చెల్లి చేతికి అందకుండా పెట్టండి. పిల్లలకి ప్రమాదం తెచ్చేది కొన్నిసార్లు వాళ్ళ బొమ్మ కాదు, పెద్దవాడి బొమ్మ. పనిమనిషి పిల్లలకి ఇచ్చేద్దాం అనుకోవద్దు. మన పిల్లలకి పనికిరానిది వాళ్ళ పిల్లలకీ పనికిరాదు.

అధికారులకీ ఒక మాట. దాడుల వార్తలు ఎప్పుడూ మహానగరాల మాల్స్ నుంచే వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది, కలెక్టరు ఆఫీసు పుట్టపర్తికి వచ్చింది. మరి కదిరి తిరునాళ్ళకి, లేపాక్షి ఉత్సవాలకి, పెనుకొండ ఉరుసుకి ముందు బొమ్మల అంగళ్ళని కూడా ఒకసారి చూస్తే తప్పేముంది? మిఠాయిల్లో రంగు కలిపారా అని చూస్తారు, తూకం రాళ్ళు చూస్తారు. పిల్లల నోట్లోకి వెళ్ళేవి మిఠాయిలొక్కటే కాదు కదా! పట్టుకోవాల్సింది కూడా బండివాడిని కాదు, మూటలు పంపే గోడౌనుని.

ఇక మన చేతిలోనే ఉన్న బొమ్మల సంగతి. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. అక్కడ మేకతోలుని పల్చగా చేసి, రంగులద్ది, కీళ్ళ దగ్గర దారంతో కట్టి, చేతులూ కాళ్ళూ కదిలేలా హనుమంతుడిని, రావణుడిని చేస్తారు. కీళ్ళు కదిలే వీరుడి బొమ్మ అంటే అదే కదా? ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అటు ఏటికొప్పాకలో అంకుడు కర్రకి లక్క, ఆకులూ గింజల రంగులు వేసి బొమ్మలు చేస్తారు. ఆ సహజ రంగుల కోసం పాటుపడిన సీ.వీ.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. రిజిస్టరైన చేతివృత్తి కళాకారులు చేసే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు నుంచి మినహాయింపు ఉంది. అంటే అక్కడ గుర్తు వెతకక్కర్లేదు, చేసిన మనిషినే అడగొచ్చు.

తోలుబొమ్మ చూపిస్తే పిల్లాడు కెన్‌వేని మర్చిపోతాడని మేం అనడం లేదు. మర్చిపోడు. ఈ తరం పిల్లలకి వాళ్ళ హీరోలు వాళ్ళకి కావాలి, అది తప్పూ కాదు. కానీ ఏడాదికి నాలుగు నకిలీలు కొనే డబ్బుతో ఐఎస్ఐ గుర్తున్న మంచి బొమ్మ ఒకటి కొనొచ్చు. అట్టముక్కతో ఓడ, పాత చీర ముక్కతో తెరచాప, అమ్మమ్మ కుట్టిన గుడ్డ బొమ్మకి నల్ల ముసుగు... ఒక సెలవు మధ్యాహ్నం ఇట్టే గడిచిపోతుంది. నాన్నని కూడా కూర్చోబెట్టండి.

తిరునాళ్ళలో కొంగు పట్టుకుని "అమ్మా, ఆ బొమ్మే కావల్ల" అని పిల్లాడు మారాం చేస్తే, డబ్బుల్లేవని అబద్ధం చెప్పొద్దు, బూచివాడొస్తాడని బెదిరించొద్దు. బొమ్మ వాడి చేతికే ఇచ్చి, "దీన్ని ఎవరు చేసినారో యాడన్నా రాసిందేమో చూడు నాయనా" అనండి. రాసి ఉంటే కూడబలుక్కుని చదువుతాడు. లేకపోతే ఎందుకు రాయలేదని మనల్నే అడుగుతాడు. ఆ ప్రశ్న వాడు కొట్టువాడిని కూడా అడిగితే ఇంకా మంచిది.